నైరుతి తలుపు

మా ఐసు ఫ్యాక్టరీ నరసాపురం దాటాక కాలవ గట్టు మీద ఉండేది. చేపల బోట్లకీ, రొయ్యల లారీలకీ దిమ్మలు అక్కడినుంచే వెళ్లేవి. నేను అందులో గుమస్తాని. తొంభైల చివర్లో ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, “ఇక్కడ భద్రతకు బాధ్యులెవరు?” అని అడిగారు. ఓనరు గారు చుట్టూ చూశారు. ఆ సమయానికి ఊరికే కూర్చుని ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అలా ఆ బాధ్యత నాకు వచ్చింది.

నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. పాత పుస్తకాలు తెచ్చుకుని ఘనపరిమాణాలు, వడ్డీలు, సంభావ్యత సొంతంగా నేర్చుకున్నాను. భద్రతను కూడా లెక్కలాగే మొదలుపెట్టాను. ఏం జరగొచ్చు, జరిగితే ఎవరికి జరుగుతుంది, అప్పుడు వాళ్లు ఎటు పోతారు? మొదటి రెండింటికీ జవాబులు తేలిగ్గానే వచ్చాయి. నీటిని గడ్డకట్టించేది అమ్మోనియా. అందరూ దాన్ని గ్యాసు అనేవారు. అది లీకైతే మిషను హాల్లో ఉన్నవాళ్లకు కళ్లు కనపడవు, ఊపిరి ఆడదు. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

హాలుకి ఒకటే ద్వారం, తూర్పున. ఆ ద్వారం పక్కనే గ్యాసు ట్యాంకు. మిషనేమో హాలుకి ఆ చివర, పడమటి గోడ దగ్గర. అంటే మిషను దగ్గరున్న మనిషి గ్యాసు నుంచి తప్పించుకోవాలంటే గ్యాసులోకే నడవాలి.

పూర్వం నైరుతి మూలన ఇంకో ద్వారం ఉండేదట. రొయ్యలకు తెగులు వచ్చిన ఏడాది ఐసు అమ్మకాలు పడిపోతే, ఓనరు గారు పెనుగొండ నుంచి వాస్తు సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన ఆ ద్వారం మూయించారు. మరుసటి ఏడాది రొయ్యలు బాగా పండాయి. దాంతో తప్పు ద్వారానిదేనని రుజువైపోయింది.

మిషను నడిపే మనిషిని అందరం డ్రైవరు గారనేవాళ్లం. ఇరవై ఏళ్లుగా అదే పని. లూథరన్ చర్చిలో సంఘపెద్ద. బీడీ, చుట్ట ముట్టరు. ఒకరోజు ఆయనే నన్ను అడిగారు.

“గుమస్తా గారూ, ద్వారం దగ్గర గ్యాసు పోతే నేనెటు పోవాలండీ?”

“తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని, ఊపిరి బిగబట్టి తూర్పు ద్వారం దాకా నడవాలండీ.”

“అందుతుందంటారా?”

చూద్దామన్నాను. మామూలు గాలిలోనే ఆయన ఊపిరి బిగబట్టి మిషను దగ్గర్నుంచి బయల్దేరారు. సరిగ్గా ట్యాంకు పక్కకు వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. అక్కడే నిలబడి గట్టిగా గాలి పీల్చుకున్నారు.

“ఇంకొంచెం సాధన చేస్తే ట్యాంకు దాటాక పోతానండీ,” అన్నారు.

ఓనరు గారి దగ్గరికి వెళ్లి నైరుతి ద్వారం మళ్లీ తెరిపించమని అడిగాను. ఆయన కోప్పడలేదు. సావధానంగా విన్నారు.

“ఏమయ్యా, నువ్వు లెక్కల మనిషివి కదా. గ్యాసు పోయేది ఎప్పుడో ఒకసారి. అదీ పోతే. నైరుతి దోషం మూడొందల అరవై ఐదు రోజులూ ఉంటుంది. ఏది పెద్దదో నువ్వే చెప్పు.”

ఇంటికి వెళ్లి కాగితం ముందు పెట్టుకున్నాను. దోషం ఉందని ఒప్పుకుంటే ఆయన లెక్కే గెలుస్తోంది. డ్రైవరు గారి ప్రాణానికి ఎంత అంకె వేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. కాబట్టి లెక్కను వదిలేసి, దోషం దగ్గరికే వెళ్దామనుకున్నాను. ఆ ఆదివారం బస్సెక్కి పెనుగొండ వెళ్లాను.

సిద్ధాంతి గారు మజ్జిగ ఇప్పించి, నేను చెప్పిందంతా విన్నారు.

“ఆ ద్వారం రావడానికా, పోవడానికా?”

“పోవడానికేనండి. అదీ ప్రమాదం జరిగితేనే.”

“బయటినుంచి ఎవరైనా తెరవొచ్చా?”

“తెరవకుండా చేయిస్తానండి. పిడి ఉండదు, తాళం కన్నం ఉండదు. లోపల్నుంచి నెడితే తెరుచుకుంటుంది, వదిలేస్తే స్ప్రింగు మూసేస్తుంది.”

“అయితే దోషం లోపలికి ఎలా వస్తుంది? రాదు,” అన్నారు. “కొలతలు మాత్రం ఆయం కుదరాలి.”

ఎత్తు డెబ్బై ఎనిమిది అంగుళాలు, వెడల్పు ముప్పై మూడు అన్నాను. ఆయన గుణించి, తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగించారు. మిగిలింది బేసి అయితే శుభం, సరి అయితే అశుభం. బేసి వచ్చింది, శుభం అన్నారు. దణ్ణం పెట్టి వచ్చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మళ్లీ వేశాను. తొమ్మిదితో హెచ్చవేసినా, వేయకపోయినా ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఒకటే. అది ఆయన ఇష్టం. కానీ డెబ్బై ఎనిమిది సరిసంఖ్య. దాన్ని దేనితో గుణించినా సరిసంఖ్యే వస్తుంది, ఎనిమిదితో భాగిస్తే సరిసంఖ్యే మిగులుతుంది. అంటే అశుభం. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. కానీ తప్పు లెక్క మీద గోడ కొట్టించడం ఇష్టం లేదు. సిద్ధాంతి గారి మాట చెప్పగానే ఓనరు గారు ఒప్పుకున్నారు. తాపీ మేస్త్రితో ఎత్తు ఒక అంగుళం పెంచమన్నాను. ఏడు మిగిలింది, వాస్తులో అది గజాయం, శుభం.

“ఒక్క అంగుళానికి ఏమొస్తుందండీ?” అన్నాడు మేస్త్రి.

“గజాయం వస్తుంది,” అన్నాను. మారు మాట్లాడకుండా కొట్టాడు.

తలుపు అమర్చిన వారానికే ఒక సంగతి తెలిసింది. దిమ్మలు తీసే కుర్రాళ్లు ముగ్గురూ బీడీలకు ఆ తలుపులోంచే గట్టు మీదికి పోతున్నారు. తిరిగి రావడానికి వీలుగా తలుపు సందున చెక్కముక్క పెడుతున్నారు. ఓనరు గారు అది చూశారు. దోషానికి మెట్లు కట్టారని మండిపడ్డారు. చెక్కముక్క పెట్టకూడదని నేను సున్నంతో గోడ మీద రాయించాను. వాళ్లు చెక్కముక్క మానేశారు, బీడీలు మానలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఇనప రేకు తలుపు మీద రాయితో కొట్టేవారు.

“పాస్టరు గారూ, పాపులం వచ్చామండీ! తలుపు తియ్యండి!”

ఆ తలుపుకి దగ్గరగా ఉండేది డ్రైవరు గారొక్కరే. ఆయన మిషను వదిలి గొణుక్కుంటూ వచ్చి తలుపు నెట్టేవారు. “పని వేళ ఈ పొగలేంటర్రా? రేపట్నించి తియ్యను, బయటే చావండి,” అనేవారు. మర్నాడు మళ్లీ తీసేవారు. ఆ తలుపు అడిగింది ఆయనే అయినా దాని గడప మాత్రం దాటలేదు. పొద్దున్న తూర్పు ద్వారంలో వచ్చేవారు, సాయంత్రం దాంట్లోంచే వెళ్లేవారు.

వేసవి మొదట్లో ఒక పొద్దున్న ట్యాంకు దగ్గర వాల్వు లీకైంది. నేను గేటు పక్క ఆఫీసులో ఉన్నాను. ముందు ముక్కు మండింది, తర్వాత కళ్లు. హాలు ద్వారం నిండా తెల్లటి పొగ. అటునుంచి లోపలికి పోవడం కుదరదు. తువ్వాలు తడిపి ముఖానికి కట్టుకుని, గాలికి ఎదురుగా గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెనక్కి పరుగెత్తాను.

కుర్రాళ్లు ముగ్గురూ తలుపు బయట దగ్గుతూ ఉన్నారు. ఎలా వచ్చారంటే చెప్పలేకపోయారు. గ్యాసు అని అరుపు వినగానే కాళ్లు రోజూ పోయే దారిన పోయాయి, అంతే.

“డ్రైవరు గారేరీ?”

అప్పుడు అందరం తలుపు వైపు చూశాం. స్ప్రింగు దాన్ని మూసేసింది. పిడి లేదు. నేనే వద్దన్నాను.

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. అంటే ఆయన ఆపారు, అంటే ఆ నిమిషానికి బతికే ఉన్నారు. ఒక కుర్రాడు రాయి తీసి తలుపు మీద బాదాడు. మిగతా ఇద్దరూ పిడికిళ్లతో. ఇంకేం అరవాలో తెలియక రోజూ అరిచేదే అరిచారు. “పాస్టరు గారూ! పాపులమండీ! తియ్యండి!” ఒకడు ఏడుస్తూ అరిచాడు.

తలుపు తెరుచుకుంది. డ్రైవరు గారు కళ్లు మూసుకుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని గడప మీద నిలబడ్డారు. కుర్రాళ్లు ఆయన్ని చేతులు పట్టి లాగి కాలవ దాకా తీసుకెళ్లి ముఖం కడిగారు. చాలాసేపు దగ్గారు. మాట రాగానే అన్నది, “ఎన్నిసార్లు చెప్పాలర్రా, పని వేళ...”

తర్వాత నాతో చెప్పారు. మిషను ఆపాక ఆయన తూర్పు ద్వారం వైపే నడిచారట. నైరుతి తలుపు సంగతి తోచనే లేదట. సగం దూరంలో కళ్లు కనపడకుండా పోయాయి. అప్పుడే వెనక చప్పుడు వినపడింది. వెధవలు మళ్లీ బీడీలకు పోయారని ఒళ్లు మండి, రెండు తగిలిద్దామని అటు తిరిగారట. గోడ పట్టుకుని వచ్చి నెట్టారు.

ఓనరు గారు ఆసుపత్రికి వచ్చి ఆయన్ని పలకరించి, నన్ను వరండాలోకి పిలిచారు. “చూశావా? బయట పిడి ఉంటే ఆ కుర్రాళ్లు తెరుచుకుని గ్యాసులోకి దూరేవాళ్లు. నాలుగు ప్రాణాలు పోయేవి. శాస్త్రం ఊరికే పోదు,” అన్నారు. ఆ వాదనలో తప్పు కోసం రెండు రోజులు వెతికాను. దొరకలేదు.

డ్రైవరు గారు నెల తిరక్కుండానే పనిలోకి వచ్చారు, తూర్పు ద్వారంలోంచే. ఇకనుంచి వెనక తలుపులోంచి వెళ్లండని చెప్పాను. అలాగేనండీ అన్నారు, సాయంత్రం తూర్పు నుంచే వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల అలవాటుని ఒక్క మాట మార్చదని అర్థమైంది. కుర్రాళ్లు రాయితో కొట్టిన చోట తలుపు మీద సొట్టలు పడ్డాయి. వాటిని చూసి ఒక పద్ధతి పెట్టుకున్నాను.

ఆ ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ రోజూ టీ వేళకు గట్టు మీదుగా వెనక్కి వెళ్లి, రాయి తీసి తలుపు మీద కొట్టేవాణ్ణి. లోపల్నుంచి గొణుగుడు దగ్గరయ్యేది. తలుపు తెరుచుకునేది.

“ఏంటండీ?”

“ఏం లేదండీ, టీ ఇక్కడికే వచ్చింది, రండి.”

ఆయన గడప దాటి బయటికి వచ్చేవారు.