కుడివైపు పెట్టిన ఫోన్ నంబర్

సూర్యాపేటలో నాది పెళ్లికార్డుల డీటీపీ షాపు. వెబ్‌సైట్లు కూడా చేస్తానని బోర్డు మీద రాయించాను. మూసీ ప్రాజెక్టు గేటును ఒంటిచేత్తో ఎత్తానని నలుగురిని నమ్మించినవాణ్ణి, ఆ ఒక్క లైను నాకో లెక్కా? వెబ్‌సైట్ల పనిలో నేర్చుకున్నది 2003 నాటి పాఠం. పదేళ్లు దాంతోనే నెట్టుకొచ్చాను.

2013 వానాకాలంలో త్రిపురారం వైపు నుంచి ఒకామె వచ్చింది. ఆమె తండ్రి గొర్లు కాసేవాడు, ఆయనకు మతిమరుపు. నాలుగు రోజులుగా కనిపించడం లేదు.

"అన్నా, ఫోన్లల్ల అందరు సూసేటట్టు ఒక పేజీ చేసియ్యరాదు."

"గంటల అయితది చెల్లె."

పెళ్లికార్డులాగే చేశాను. వెడల్పు కొలిచి బిగించి, ఎడమవైపు ముసలాయన ఫొటో, కుడివైపు ఆనవాళ్లు, కూతురి నంబర్ పెట్టాను. నా కంప్యూటర్‌లో ముచ్చటగా ఉంది. ఫోన్‌లో చూడలేదు.

మూడోరోజు ఆమె వచ్చి తన ఫోన్ నా ముందు పెట్టింది.

"కోదాడ బస్టాండు కాడ హోటలాయన మా నాయినకు చాయ్ పోసిండంట. ఫొటో సూసి గుర్తువట్టిండు. నంబర్ కనవడకపాయె, ఎవలికి చెప్తడు? మా ఊరాయన గాడికి పోతే ముచ్చట తెలిసింది. మేం పోయేసరికి నాయిన లేడు."

చిన్న తెర మీద ముసలాయన ముఖం మాత్రమే ఉంది. నంబర్ అంచు దాటి అవతల ఉండిపోయింది. సర్వర్ వానకు తడిసిందని చెప్పబోయాను. నోరు రాలేదు.

"తప్పు నాదే. ఫోన్లకు చేసే పని నాకు రాదు."

"రాకుంటే నేర్చుకో. నేను గీడనే కూసుంట."

కూర్చుంది. నేను నెట్‌లో పాఠాలు వెతికాను. బిగించిన కొలతలు తీసేసి శాతాలు పెట్టాను. తెర ఇరుకైతే కుడి గడి ఎడమ గడి కిందికి దిగాలని చెప్పే మీడియా క్వెరీ రాశాను. ఒక బ్రాకెట్ మూయడం మరచి రెండు గంటలు తల పట్టుకున్నాను. పొద్దు వాలే వేళకు నంబర్ ఫొటో కిందికి వచ్చింది. పెద్ద అక్షరాలు చేసి, తెలిసినవాళ్లందరికీ పంపాం.

మర్నాడూ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం ఆమె ఫోన్ మోగింది, స్పీకర్‌లో పెట్టింది. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వాచ్‌మన్.

"ఊక కుప్ప కాడ ఒక ముసలాయన ఉన్నడమ్మా. ఫొటోల ఉన్నాయన తీరుగనే ఉన్నడు. పేరడిగితే చెప్తలేడు."

"జర ఫోన్ ఆయన చెవు కాడ పెట్టన్నా."

ఆమె నాయినా అని పిలవలేదు. గొర్లను ఇంటికి మళ్లించే కూత వేసింది. మళ్లీ వేసింది. మూడోసారికి, ఫోన్‌లోంచి, బొంగురుగా, అదే కూత వినిపించింది.