బస్టాండు గొంతు

మా ఆవిడ ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందే గడిచింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పడం ఆవిడ పని. రిటైరయ్యాక వీధివాళ్ళంతా బలవంతపెట్టి కౌన్సిలరుగా నిలబెట్టారు. ఊరంతా ఎరిగిన గొంతు కదా, ఓట్లు బాగానే పడ్డాయి. చిక్కల్లా గెలిచాకే వచ్చింది.

ఆ గొంతు ఎత్తూ పల్లం లేకుండా సాగిపోతుంది. బస్టాండులో అలాగే ఉండాలి మరి. కౌన్సిల్లోనూ అదే వరస. "దయచేసి గమనించగలరు. మా వార్డు బడి వెనక గోడ పక్కకి ఒరిగి ఉన్నది. దాని కిందనే పిల్లలు ఆడుకొనుచున్నారు." తమ బస్సు కాదని తెలిసిన ప్రయాణికుల్లా సభ్యులు దిక్కులు చూసేవారు. "మీ గొంతు వింటుంటే ఎటైనా ప్రయాణం కట్టాలనిపిస్తుందమ్మా" అని మెచ్చుకుని ఛైర్మన్ తరవాతి అంశానికి వెళ్ళిపోయేవాడు. పక్క వార్డు సభ్యుడు, సిమెంటు కొట్టు నడిపే ఆయన, లేచి గొంతు చించుకుంటే మాత్రం, ఏమడిగాడో అర్థం కాకపోయినా సరేననేసేవారు. అలా ఆయన వార్డు పార్కుకి ఒకే వైపున రెండు గేట్లు వచ్చాయి.

"నువ్వూ ఓసారి బల్ల గుద్ది చూడవోయ్" అని సలహా పారేశాను. పాపం, గుద్దింది. గ్లాసు తిరగబడి ఛైర్మన్ కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది మైకులో, అదే గొంతుతో. సభ పగలబడి నవ్వింది. సందర్శకుల బెంచీ మీద నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోడ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తరవాతి సమావేశానికి ముందురోజు ఆ గోడ పైవరస ఇటుకలు రాలిపడ్డాయి. అప్పుడే గంట కొట్టి పిల్లలు లోపలికి వెళ్ళారు కాబట్టి సరిపోయింది. మర్నాడు మా ఆవిడ లేచి "దయచేసి..." అనగానే ఛైర్మన్ చిరునవ్వు నవ్వి ఫోను తీశాడు. ఆవిడ ఆగిపోయింది. మైకు పక్కకి తోసేసింది.

"అన్నయ్యా, ముందా ఫోను పక్కన పెట్టు. నిన్న గోడ ఇటుకలు పడ్డాయి. మా పక్కింటి పాప నీళ్ళ సీసా వాటి కింద దొరికింది. పాప కూడా అక్కడే ఉండుంటే..." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

ఛైర్మన్ ఫోను జేబులో పెట్టాడు. ఇంజనీరుని అప్పటికప్పుడే పిలిపించాడు. ఆ సాయంత్రమే గోడ పడగొట్టడం మొదలైంది. "ఇవాళ మీలో అసలైన నాయకురాలు కనబడిందమ్మా" అన్నాడు సిమెంటు కొట్టాయన, మెట్లు దిగుతూ.

నాకు గర్వంతో ఒళ్ళు తెలియలేదు. "ఇంత బాగా మాట్లాడతావని అనుకోలేదోయ్" అన్నాను దారిలో.

"మాట్లాడానా? ఏడ్చానండీ" అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఏడిస్తేగానీ వినరని తెలిస్తే మొదటి రోజే ఏడ్చేదాన్ని కదా."