మజీద్ కొలిమి గాలి

నరసరావుపేటలో అబ్దుల్ మజీద్ ములామా పని చేసేవాడు. రాగి నగలకూ, గుడి కలశాలకూ, పీర్ల పంజాలకూ బంగారు పూత పెట్టడం ఆయన వృత్తి. బంగారు రేకును పాదరసంలో కరిగించి ముద్ద చేసి, దాన్ని రాగి మీద రుద్ది, బొగ్గుల కొలిమి మీద కాచేవాడు. వేడికి పాదరసం ఆవిరైపోయేది. బంగారం రాగిని పట్టుకుని ఉండిపోయేది. రొంపిచెర్ల, మాచవరం వైపు నుంచి కూడా జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కొలిమి ఇంటి వసారాలోనే ఉండేది. భార్య హజ్రా బీ తిత్తి ఊదేది.

యాభై దాటకముందే మజీద్ చేతులు వణకడం మొదలైంది. టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చుకోలేకపోయేవాడు. చిగుళ్లు వాచి పళ్లు కదిలాయి. అంతకంటే ఘోరం, మనిషే మారిపోయాడు. నలుగురిలో నవ్వుతూ తిరిగినవాడు, ఎవరైనా తన వైపు చూస్తే తల దించుకునేవాడు, లేదా మండిపడేవాడు. తాగుడని బజారులో చెప్పుకున్నారు. ఆయన జన్మలో సారా ముట్టలేదు. డాక్టరు నరాల బలహీనత అని బలం మాత్రలు రాసిచ్చాడు.

పెద్ద కూతురు మాబున్నీసా అప్పుడు హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతోంది. ఒకరోజు క్లాసులో ప్రొఫెసర్ ధనుంజయరావు పాదరసం మనిషిని ఏం చేస్తుందో చెబుతున్నాడు. చేతుల వణుకు, చిగుళ్ల వాపు, అకారణమైన బిడియం, కోపం. మాబున్నీసా రాయడం ఆపేసింది. క్లాసు అయ్యాక ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, మీరు చెప్పినవన్నీ మా నాన్నకున్నాయి" అంది.

సెలవులకి ఇంటికి రాగానే తండ్రితో చెప్పింది.

"అబ్బాజాన్, పాదరసం నీ ఒంట్లోకి పోతోంది. ఈ పని మానెయ్."

"ఏందే మానేది? మీ తాత ఈ పని చేసే బతికాడు. నీకు చదువు పెట్టింది ఈ కొలిమే." మజీద్ కొలిమిలో బొగ్గులు ఎగదోశాడు. "పోతోందంటన్నావుగా, చూపియ్. నా కంటికి చూపిస్తే మానేస్తా."

ఆ మాట ఆమెను పట్టుకుంది. ఎనభై అయిదులో ధనుంజయరావు దగ్గరే పరిశోధనకు చేరింది.

పాదరసం ఉన్నచోట కూడా బతకగల బాక్టీరియా కొన్ని ఉంటాయి. తమ ఇంటి తూము పక్కనుంచి పొట్లం కట్టి తెచ్చిన మట్టిలోనే అవి ఆమెకు దొరికాయి. తండ్రి ఒళ్లు తట్టుకోలేకపోయిన దాన్ని అవి తట్టుకుని పెరుగుతున్నాయి. పాదరసాన్ని వదిలించుకునే జన్యువులు వాటిలో ఉన్నాయి. ఆ జన్యువుల ముందు ఒక ప్రొటీన్ కాపలావాడిలా కూర్చుని ఉంటుంది. నీళ్లలో కరిగిన పాదరసం, అంటే పాదరసపు అయాను, దాన్ని తాకితే తలుపు తెరుచుకుంటుంది. ఆ కాపలావాణ్నీ తలుపునూ కలిపి కత్తిరించి, నీలిరంగు పుట్టించే మరో జన్యువు ముందు అతికించాలని ఆమె ఆలోచన. అప్పుడు పాదరసం ఉన్న నీళ్లు పోసిన గాజుగొట్టంలో ఆ బాక్టీరియా వేస్తే గొట్టం నీలంగా మారుతుంది.

చెప్పడానికి ఇంతే. చేయబోతే ఏళ్లు పట్టింది. జన్యువులు కత్తిరించే ఎంజైములు విదేశాల నుంచి మంచుపెట్టెల్లో రావాలి. కస్టమ్స్ గోడౌన్లో ఆగి ఆగి, చేతికందేసరికి మంచు కరిగి అవి చచ్చేవి. ఒకసారి ముక్క తలకిందులుగా అతుక్కుంది. ఇంకోసారి మంచినీళ్లలో కూడా నీలం వచ్చేసింది. కత్తిరింపులో కాపలావాడు తెగిపోయాడని, తలుపు బార్లా తెరిచే ఉందని కనిపెట్టడానికే ఒక ఎండాకాలం గడిచింది.

ఎనభై ఎనిమిదిలో పని కుదిరింది. మంచినీళ్ల గొట్టం తెల్లగా ఉంది. పాదరసపు ఉప్పు రవంత వేసిన గొట్టం నీలమైంది. ఆ గొట్టాలు పట్టుకుని ఆమె నరసరావుపేట వచ్చింది.

వచ్చేసరికి కొలిమి దగ్గర చెల్లెలు కుల్సుం కూర్చుని ఉంది. మాచర్లలో ఇచ్చిన పిల్ల, పురిటికి పుట్టింటికొచ్చింది.

"కడుపుతో ఉండి ఇక్కడ కూర్చున్నావేందే?"

"ఏం చెయ్యను ఆపా? కలశం ముహూర్తానికి ఇయ్యాల. అబ్బాజాన్ చేతిలో పట్టకారు నిలవట్లా."

కుల్సుంను లోపలికి పంపేలోగా, పరీక్ష సంగతి తెలిసి వీధిలోవాళ్లు మూగారు. మజీద్ ఇంటి తూము వీధి బావి పక్కనుంచే పోతుంది. ముందు బావినీళ్లు చూడమన్నారు. మాబున్నీసా బావినీళ్లూ, తమ ఇంటి కుండలో నీళ్లూ పరీక్ష చేసింది. గంటలు గడిచినా రంగు రాలేదు. జనం ఊపిరి పీల్చుకున్నారు. చానా కాలానికి మజీద్ నవ్వాడు.

"విన్నారుగా! నా ఇంట్లో పాదరసం లేదని నా కూతురి పురుగులే చెప్పినయ్."

"నీళ్లలో లేదంతే, అబ్బాజాన్. మీరు పీల్చేగాలిలో ఉంది. ఇవి నీళ్లలో కరిగినదాన్నే గుర్తుపడతయ్, ఆవిరిని పట్టలేవు."

"అవి పట్టలేనిదాన్ని నువ్వెట్టా చూశావే?"

కుల్సుం తలుపు వెనకనుంచి, "దిగులుపడి చచ్చాను ఆపా. ఇంక పర్లేదుగా?" అంది. అలా అనుకోవద్దని, కొలిమి దగ్గరికి పోవద్దని మాబున్నీసా బతిమాలి చెప్పింది. ఆమె రైలెక్కాక కుల్సుం మళ్లీ పట్టకారు అందుకుంది.

ఆవిరిని నీళ్లలోకి దించడమెలా? రాగి తోమడానికి తండ్రి వాడే తేజాబు గుర్తొచ్చింది. ఆ ఆమ్లం పాదరసపు ఆవిరిని పట్టి కరిగిస్తుంది. కానీ ఆమ్లంలో బాక్టీరియా బతకదు. ఎంత సోడా కలిపి దాని ఘాటు విరగ్గొడితే బతుకుతుందో తేల్చుకునేసరికి చలికాలం వచ్చేసింది.

ఆ మధ్యలో కుల్సుంకి కొడుకు పుట్టాడు. నెలలు గడిచినా మెడ నిలపలేదు. చప్పుడు చేస్తే తిరిగి చూడలేదు. కారణం ఇదని చెప్పలేమన్నారు ఆసుపత్రిలో.

మాబున్నీసా ఈసారి కొలిమి పైన సాసరులో తేజాబు పెట్టింది. మజీద్ బొగ్గులు రాజేశాడు. పని అయ్యాక ఆమె ఆ ఆమ్లాన్ని సోడాతో విరగ్గొట్టి, గొట్టంలో పోసి, బాక్టీరియా కలిపింది. సాయంత్రానికి గొట్టమంతా చిక్కటి నీలం.

హజ్రా బీ గొట్టాన్ని చూసింది. "బిడ్డ కడుపులో ఉన్నప్పుడు కూడా గాలిలో ఇది ఉందా?"

"ఉందమ్మీ."

"దానివల్లేనా వాడు ఇట్టా?"

"తెలీదు. ఇది గాలి సంగతే చెబుద్ది. వాడి సంగతి చెప్పదు."

మజీద్ గొట్టం కోసం చెయ్యి చాపాడు. ఆ చేతిలో అది నిలవదని మాబున్నీసాయే ఆయన కళ్లకెదురుగా పట్టుకుంది. ఆయన చూశాడు. తర్వాత చెంబెడు నీళ్లు తెచ్చి, సగం దారిలోనే ఒలకబోసుకుంటూ, మిగిలినవి బొగ్గుల మీద పోశాడు. మళ్లీ ఆ కొలిమి వెలగలేదు.

వణుకు మాత్రం తగ్గలేదు. మరుసటి ఏడు వానల్లో ఆయన పోయాడు. కుల్సుం భర్త బిడ్డను చూసి వెళ్లినవాడు తిరిగి రాలేదు. మాబున్నీసాకి గురజాలలో కాలేజీ లెక్చరరు ఉద్యోగం దొరికింది. తల్లినీ, చెల్లెల్నీ, పిల్లాణ్నీ తనతో తీసుకుపోయింది. ఒకసారి వాడికి అన్నం పెడుతూ కుల్సుం అడిగింది:

"ఆ రోజు నీళ్లు చూడకుండా ఉంటే బాగుండేదిగా, ఆపా?"

"బాగుండేది" అంది మాబున్నీసా.

సత్తెనపల్లి వైపు ములామా ఇళ్లు ఇంకా రెండున్నాయని తెలిసి, ఒక ఆదివారం ఆమె అక్కడికి వెళ్లింది. మొదటి ఇంటివాళ్లు విషయం వినగానే తలుపు వేసుకున్నారు. రెండో ఇంటి ముసలాయన కూర్చోబెట్టి అంతా విన్నాడు. పని మానలేనన్నాడు. కొలిమిని మాత్రం వసారాలోంచి పీకించి ఊరి బయట బీడులో పెట్టించాడు. కోడళ్లను అటు రానివ్వకుండా ఒక్కడే కూర్చుని తిత్తి ఊదుకునేవాడు.