రెండో గొట్టం

మొన్న ఐరాల పక్కనున్న మా ఊరికి పోయి పాల కేంద్రం ముందు బండి ఆపగానే, క్యాన్ల మీద ఆరిన పచ్చిపాల వాసన ముక్కుకు తగిలింది. లోపల చిన్న యంత్రంలో కాసిని పాలు పోస్తే నిమిషంలో వెన్నెంత, నీళ్ళెంత అని అంకెలు పడుతున్నాయి. పాలు విరిగిన క్యాను ఒకటి పక్కకు జరుపుతూ ఒక కుర్రవాడు, "ఇది ఎస్తేరమ్మ పాలయిపొయ్యిందప్పా" అని నవ్వాడు. మా ఊళ్ళో చెడిపోయిన దేన్నయినా ఇప్పటికీ అలాగే అంటారు. ఆ మాట పుట్టింది మా ఇంటి పంచలో. పుట్టడానికి కారణం నేనేనేమో. ఏమో అనడం తప్పించుకోవడానికి కాదు, నాకు నిజంగా తెలియదు.

అప్పట్లో డైరీవాళ్ళ తరఫున పాలు పోయించుకునేది మా నాయన. తెల్లవారగానే చెంబులూ, సత్తు బిందెలూ మా పంచ ముందు వరసకట్టేవి. నాయన నురగను ఉఫ్ మని పక్కకు ఊది, నీళ్ళు కలిశాయేమో చూసే గాజు మీటరు వదిలితే అది పాలలో మునిగి, లేచి, తలాడిస్తూ నిలిచేదాకా ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. లోపల అమ్మ సంగటి గెలికే చప్పుడు, వాకిట్లో కోసిన మామిడికాయల జీడి వాసన, గంగమ్మకు పోయాల్సిన అంబలి పులుపు, వీటన్నిటి మధ్య ఆ పాల వాసన నా వేసవి సెలవుల నిండా ఉండేది.

రోజూ అందరికన్నా ముందు వచ్చేది ఊరి చివరి పేట నుంచి ఎస్తేరమ్మ. ఆమెకున్నది ఒకే ఆవు. అది ఈనినప్పుడల్లా మాకు జున్ను తెచ్చేది. అమ్మ తీసుకుని పనివాళ్ళకు ఇచ్చేసేది. నేను వాళ్ళ దగ్గర అడుక్కుని, గడ్డివామి వెనక కూర్చుని, మిరియాల ఘాటూ బెల్లం తీపీ కలిసిన ఆ ముక్కల్ని వేళ్ళు నాకుతూ తినేవాడిని.

నాకు పదేళ్ళప్పుడు, ఆ ఎండల్లో, మా ఊరి క్యానులో పాలు వరసగా మూడు రోజులు విరిగి డైరీ నుంచి తిరిగి వచ్చాయి. ఇంకోసారి విరిగితే కేంద్రం ఎత్తేస్తామన్నారు. నాలుగోరోజు డైరీ నుంచి సూపర్‌వైజరు నీలిమందు సీసాతో వచ్చాడు. ప్రతి ఇంటి పాలూ ఒక్కో గాజు గొట్టంలో పోసి, చుక్క మందు కలిపి, కొయ్య స్టాండు బెజ్జాల్లో గుచ్చి గోరువెచ్చని నీళ్ళలో నిలిపాడు. "కంటికి కనపడని పురుగు ఎక్కువుండే పాలు తొందరగా తెల్లబడతాయి, సూస్తాండండి" అన్నాడు. గొట్టాల మీద పేర్లు రాయలేదు. మా పంచలో ఎప్పుడూ వరసే పేరు. కేంద్రం మాది కాబట్టి మొదటి బెజ్జం మాది, రెండోది ముందొచ్చిన ఎస్తేరమ్మది.

"ఒరే, ఈడనే కూసో. దేన్నీ ముట్టుకోవద్దు" అని చెప్పి నాయన ఆయన్ను టిఫినుకు లోపలికి తీసుకుపోయాడు. ఆడవాళ్ళు వేపచెట్టు నీడకు పోయారు. ఆ నీలం ఎంత బాగుండిందో! మొదటి రెండు గొట్టాలూ రెండు చేతుల్లోకి తీసి ఎండకు పెట్టి చూశాను. లోపల నాయన దగ్గు వినిపించి గభాల్న గుచ్చేశాను. ఏది ఎక్కడ గుచ్చానో అప్పుడే అనుమానం వచ్చింది. రెండూ ఒకే నీలం.

గంట కాకముందే రెండో గొట్టం తెల్లబడింది.

"నీళ్ళు కలిపేవోళ్ళను సూసినాం. ఈయమ్మ పురుగులే కలిపింది గదే!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

"సేతులు కడుక్కోనే పిండినా సామీ" అంది ఎస్తేరమ్మ.

"రేపట్నించి నీ పాలు వొద్దమ్మా" అన్నాడు నాయన.

గొట్టాలు బయటికి తీసిన సంగతి నేను చెప్పలేదు. దెబ్బలకు భయపడ్డానో, ఆ పాలు మావే అయివుంటాయని భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేను. నెల తిరక్కుండా ఆమె ఆవునమ్మేసి బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి చేరింది. క్యాను మళ్ళీ విరగలేదు. అయితే ఆ వారమే వానలు పడి చల్లబడింది. అమ్మ కూడా ఆ రోజు నుంచే మా పాలచెంబును మరిగే నీళ్ళతో కడగడం మొదలుపెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

కుర్రవాడి మాట విన్న ఆ పొద్దే ఎస్తేరమ్మ ఇంటికి పోయాను. ఆ వీధిలో ఇప్పుడు ఒక్క ఆవూ లేదు. ఆవును కట్టే గాటిపాట ఉన్నచోట సిమెంటు పోసి మోటారు సైకిలు నిలిపారు. పేడ వాసన లేదు, దూడ అరుపు లేదు. జున్ను ఎలా ఉంటుందో ఆమె మనవరాలికి తెలియదట. మంచం మీద కూర్చున్న ఎస్తేరమ్మకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఆ పొద్దు తడిగుడ్డతో వడగట్టినా పాలు" అంది. "ఆ గుడ్డే నా కొంప ముంచిందని ఇన్నేండ్లూ నన్ను నేనే తిట్టుకుంటాండా. మా ఇంటాయనకు గూడా సెప్పలేదు, తెలీకుండానే సచ్చిపొయ్యినాడు."

ఆమె మంచం అంచుకు జరిగి నావైపు తిరిగింది.

"అయితే తెల్లబడినేటివి మీ పాలా, మా పాలా?"

"తెలీదక్కా."

ఎస్తేరమ్మ నా రెండు చేతులవైపూ చూసింది. "రెండూ పట్టుకునింది నువ్వే గదప్పా. ఇంక నేను ఎవుర్ని అడిగేది?"