మోకాలి లోతు ఒత్తిడి

డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్తలో లోకమంతా నా పాఠం కోసమే కాచుకుని కూర్చుందని గట్టిగా నమ్మేదాన్ని. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, హుజూర్‌నగర్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో భౌతికశాస్త్రం చెప్పడానికి చేరాను. చేరాను అనడం కూడా గొప్పే. నెలరోజులు చూసి, పిల్లలకు పాఠం ఎక్కితేనే ఉంచుకుంటామన్నారు మా హెడ్మాస్టరు పెద్దసారు. ఎనిమిదో తరగతిలో సగంమంది నాకన్నా పొడుగు కాబట్టి, వాళ్లకు కాస్త భయం ఉండాలని ఎత్తు మడమల చెప్పులు కొన్నాను (నడిచినప్పుడల్లా భయం నాకే). బలాన్ని వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి అని నెలంతా గొంతు చించుకున్నా ఒక్కరూ తిరిగి చెప్పలేదు. మూడో బెంచీ అమ్మాయైతే అసలు నోరే విప్పేది కాదు. పిల్లలు ఆమెకు 'మౌనవ్రతం' అని పేరు పెట్టారు.

నెల ముగిసే రోజు పెద్దసారు తరగతి చూడటానికొచ్చారు. ఒత్తిడి ఎలాగూ ఎక్కలేదు, వేగమైనా కళ్లారా చూపిద్దామని అందరినీ బడి వెనక పిల్లకాలువకు తీసుకెళ్లి కాగితప్పడవలు వదిలించాను. "వడికి దిక్కు తోడైతే వేగం" అని చెబుతూ పొలం గట్టు మీద వెనక్కి నడుస్తున్నాను (ఏ పుస్తకమూ వెనక్కి నడవమనలేదు). పక్కనే నాట్లకు దమ్ము చేసిన మడి. మడమ జారి, మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాను. ఒక కాలు లాగితే రెండోది ఇంకా దిగుతోంది. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చింది.

"మేడం వేగం ఎంతో చెప్పుండ్రి," అన్నారు పెద్దసారు పిల్లలతో (మనిషి మునుగుతున్నా పరీక్ష మానని మనిషి).

"మెల్లగనే పోతుండ్రు సార్. దిక్కు కిందికి," అన్నాడొకడు శ్రద్ధగా.

అప్పుడు మౌనవ్రతం నోరు విప్పింది. "మేడం, నిలవడకుండ్రి. ఎనక్కి ఒరిగి కూసోండ్రి."

"ఎందుకమ్మా?" అన్నారు పెద్దసారు.

"మేడం బరువు గంతే ఉంటది సార్. గా చెప్పుల కింద జాగా జరంత, అందుకే ఒత్తిడి ఎక్కువ. కూసుంటె జాగా పెద్దగైతది, ఒత్తిడి తగ్గుతది, ఇగ దిగరు."

కొత్త చీరతో బురదలో కూర్చున్నాను. నిజంగానే దిగడం ఆగింది, కాళ్లు మెల్లగా పైకొచ్చాయి. పెద్దసారు నవ్వు దాచుకుంటూ, "సోమవారం గూడ రాండ్రి మేడం," అన్నారు. పిల్లలు చేతులు చాచారు. నేను మాత్రం లేవకుండా, "ఏదీ, మళ్లీ ఒకసారి చెప్పు," అన్నాను ఆ అమ్మాయితో.

"ముందుగల్ల లేవుండ్రి మేడం, ఒడ్డు మీద చెప్త."

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నా ప్రశ్న పూర్తికాకముందే పది చేతులు లేస్తాయి. సంతోషమే. కానీ నడుము దాకా బురదలో కూర్చుని, ఒక్క జవాబుకు అంత పొంగిపోయిన అప్పటి ఆ పిల్ల టీచరమ్మను తలచుకుంటే నవ్వొస్తుంది, ఆమె మీద కాస్త కుళ్లు కూడా పుడుతుంది.