అమ్మవారు కాదని చెప్పడానికి చంద్రగిరికి

మునిశేఖర్ ఫోను చేసి "అన్నా, నాకు అమ్మవారు పోసినాది" అన్నప్పుడు నేను నమ్మలేదు. చిన్నప్పుడే వాడికి ఒకసారి పోసింది, వీపు మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. పొక్కులు ఎక్కడ మొదలయ్యాయని అడిగాను. వాడు అది దాటేసి, "ఎడమ కన్ను ఎర్రగా ఉండాదన్నా. రెప్ప మీద గూడా ఒకటి లేసింది" అన్నాడు. అది విన్నాక నేను సెలవు చీటీ రాసేశాను.

మునికి ముప్పై రెండేళ్ళు. చంద్రగిరిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. నాకు నలభై ఎనిమిది, నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకుంటాను. మాకు చుట్టరికం లేదు. మా ఇద్దరికీ మనసు పోయేది మగవాళ్ళ మీదకే. మాలాంటివాళ్ళం ఈ జిల్లాల్లో ఒకరికొకరం ఎలా తెలుస్తామో అలాగే తెలిశాం. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి అన్ననయ్యాను, అన్ననయ్యాక తప్పుతుందా!

పొద్దున ఐదూ నలభైకి నాయుడుపేటలో తిరుపతి బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. వెనక సీట్లో ఇద్దరు నడివయసు వాళ్ళు. ఒకాయన ఫోన్లో వార్త చదువుతూ, "మంకీపాక్స్ అంటప్పా. మనకేం బయం లేదులే, మగోళ్ళు మగోళ్ళు తిరిగే నాయాళ్ళకే వస్తాదంట. తగిన శాస్తి" అన్నాడు.

రెండో ఆయన ఆవులించి, "నీ కొడుకు హాస్టల్లో ఉండాడు గదా. ఒగే పక్కమీద ముగ్గురు పండుకుంటారు. పక్కబట్టలతో గూడా అంటుకుంటాదంట, ముందు వాన్ని సూసుకో" అన్నాడు.

మొదటాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాకు వెనక్కి తిరిగి ఆ రెండో ఆయనకు దండం పెట్టాలనిపించింది. మొదటాయనకు చెప్పాలనుకున్న నాలుగు మాటలు మాత్రం శ్రీకాళహస్తి దాకా నోట్లోనే నానబెట్టి, అక్కడ టీతో పాటు మింగేశాను. ముప్పై ఏళ్ళుగా అదే అలవాటు.

ఏడున్నర దాటాక తిరుపతిలో దిగాను. బస్టాండు ఎదురుగా నాలుగిడ్లీలు తిన్నాను. ఆసుపత్రి పని మీద వెళ్ళేవాళ్ళు ఎవరైనా ముందు తినండి. ఖాళీ కడుపుతో క్యూలో నిలబడితే నాలాంటి కోపిష్ఠివాడు జబ్బు సంగతి మరిచి పక్కవాళ్ళతో తగాదాకు దిగుతాడు. జనమంతా సంచులు తలమీద పెట్టుకుని అలిపిరి బస్సుల వైపు పోతుంటే, నేను ఎనిమిదీ పదికి చంద్రగిరి బస్సెక్కాను. అరగంట ప్రయాణం.

ముని ఇంటి గేటుకు వేపమండలు కట్టి ఉన్నాయి. వాకిట్లో పసుపునీళ్ళు. వాడి తల్లి చెంగమ్మ నన్ను గేటు దగ్గరే ఆపింది. ఆవిడ రెండు ఆవుల్ని పెట్టుకుని పాలు పోస్తుంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ రోజు గుసగుసగా మాట్లాడింది.

"సెప్పులు ఆడ్నే ఇడిసి కాళ్ళు కడుక్కో నాయనా. అమ్మ ఉండాది లోపల."

పది రోజులుగా ఆ ఇంట్లో తాలింపు లేదు. పాలు బయటికి పోయలేదు. కొడుకుని 'వాడు' అనడం కూడా మానేసింది. "అమ్మ నిద్ర పోలేదు, అమ్మకు సల్లగా ఉండాలంట" అని చెబుతోంది. నేను నిలబడ్డ ఆ పది నిమిషాల్లోనే వీధిలో ఒకామె వచ్చి, గేటు బయట టెంకాయ పెట్టి, లెంపలేసుకుని పోయింది.

ముని వేపాకుల పక్కమీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మాస్కు పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చున్నాను. మొహం మీద, చేతుల మీద పొక్కులు, గట్టిగా, మధ్యలో నొక్కుకుని. మెడ కింద గడ్డలు. కన్ను సగమే తెరుచుకుంటోంది. ఆసుపత్రికి లెమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"ఈ పది దినాల్లో నన్ను ఒక్కరు గూడా ఒక్క మాట అనలేదన్నా. అంగట్లో నా ఎనక నవ్వేటోళ్ళు గూడా దండం పెట్టి పోతాండారు. ఆసుపత్రిలో నిజం సెప్తే ఇదంతా ఈ పొద్దుతో సరి. అమ్మ గూడా..." అని ఆగిపోయాడు.

వాడి భయం నాకు బాగా తెలుసు. అమ్మవారు పోసినవాణ్ణి తిట్టకూడదు, అసహ్యించుకోకూడదు, ఎలా వచ్చిందని అడగనే కూడదు. అదే పొక్కుల్ని ఇంకో పేరు పెట్టి పిలిస్తే మొదట అడిగేది ఎలా వచ్చిందనే. తల్లికి తెలిస్తే ఇల్లు ఉంటుందా, పోతుందా, అదీ వాడి గుండెల మీదున్న బండ. అయినా కన్ను ఆగదు కదా. "కన్ను పోతే దండం పెట్టేవాళ్ళు నీకు కనబడను కూడా కనబడరు రా" అన్నాను. నవ్వాడు, నవ్వితే పెదవి దగ్గర పొక్కు చిట్లి మూలిగాడు, లేచి కూర్చున్నాడు.

"అమ్మవారిని ఎవురన్నా ఆసుపత్రికి తీస్కపోతారా?" అని చెంగమ్మ అడ్డం నిలబడింది. కన్ను ఒక్కటే చూపించుకొస్తామని ఒప్పించాను. ఆవిడ కొడుకు కాళ్ళకు మొక్కి తప్పు కాచమంది. ముని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇలాంటి పొక్కులతో బస్సెక్కడం మంచిది కాదు. నిండు చేతుల చొక్కా, మాస్కు వేయించి, తిరుపతికి అన్నివైపులా గాలాడే ఆటో మాట్లాడాను. డ్రైవరుకు ఒంటికి తగలకుండా చూసుకోమని చెబితే అతను వేపమండలు చూసి చేతులు జోడించాడు. "అమ్మను తీస్కపోతాండాం గదా సామీ, గుంతల్లో పోనీను" అన్నాడు. అన్నట్టే పన్నెండు కిలోమీటర్లు పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినంత మెల్లగా నడిపాడు.

ఊరి పేరు చెప్పాను గానీ ఆసుపత్రి పేరు చెప్పను. పదిన్నరకు ఓపీ చీటీ తీసుకున్నాం. 'చర్మ, సుఖవ్యాధుల విభాగం' అని బోర్డు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఒక్కసారి మునిని చూస్తే సుఖమెంతో తెలిసేది. తలుపు దగ్గర చీటీలు తీసుకునే మనిషి అందరి ముందూ, "ఏం, మగోళ్ళతో తిరగతావా?" అని అడిగాడు. ముని వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. నేను ఈసారి మింగలేదు. "నీ పని చీటీ తీసుకోవడం, తీసుకో" అని అరిచాను. నా గొంతు విని లోపలి డాక్టరమ్మే బయటికొచ్చి మమ్మల్ని పక్క గదిలోకి తీసుకుపోయింది.

ఆవిడకు ముప్పై అయిదుంటాయేమో. చేతి తొడుగులు వేసుకుని, ఒక్కో పొక్కూ చూసి, నిదానంగా అడిగింది, నిదానంగా విన్నది. "ఇది ఎంపాక్స్, అదే మంకీపాక్స్ కావచ్చు. చర్మానికి చర్మం తగిలితే ఎవరికైనా వస్తుంది. నువ్వెవరని చూసి రాదు. కన్ను గురించే నా తొందర" అంది. పొక్కుల నుంచి నమూనాలు తీశారు. మునిని అడిగి, వాడు సరేనన్నాకే హెచ్‌ఐవీకి రక్తం తీసుకున్నారు. ఫలితం వచ్చేదాకా విడిగా ఒక గదిలో ఉంచారు. మూడో రోజు అది ఎంపాక్సేనని తేలింది. కన్ను మాత్రం దక్కింది.

ఆ రోజు గదిలోంచి వెళ్ళేముందు డాక్టరమ్మ మునితో, "నీకు దగ్గరగా ఉన్నవాళ్ళకు చెప్పాలి. వాళ్ళూ చూపించుకోవాలి" అంది. ముని తల దించుకున్నాడు. అలిపిరి వైపు ఒక గదిలో హరి అనే అబ్బాయి ఉంటాడు, హోటల్లో వంటపని. వాడూ మునీ ఆరేళ్ళుగా ఒకటి. వాడికి నిన్నటి నుంచి జ్వరమట. ముని అడ్రసు చెప్పి, "అమ్మకు నువ్వే సెప్పన్నా. అన్నీ సెప్పు. ఇంగ నా వల్ల కాదు" అన్నాడు.

మళ్ళీ బస్సు. మూడింటికి చంద్రగిరిలో పాల డిపో దగ్గర దిగాను. ఆ ఎడమ సందులో మూడో ఇల్లే మునిది. అంత చిన్న నడకలో రెండుసార్లు ఆగి, చెప్పాల్సిన మాట సరిచూసుకున్నాను.

"అది అమ్మవారు కాదు చెంగమ్మక్కా. అంటుజబ్బు. మనిషి నుంచి మనిషికి వస్తుంది. నువ్వూ నేనూ మూడు వారాలు జ్వరం చూసుకోవాలంట" అన్నాను.

ఆవిడ గేటుకున్న వేపమండల వైపు తిరిగింది. "నా సేత గేటుకు వేపాకు కట్టించి, కాళ్ళకు మొక్కించుకుని... సెప్పలేకపోయినాడా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. కోపమే అది, పైకి ఏడుపులా ఉన్నా. నేను చెప్పుల వైపు చూశాను.

"ఎవురి నుంచి? ఆ ఫోను పిల్లోడేనా?"

నేను ఏమీ అనకముందే ఆవిడే చెప్పింది. "దినామూ రేత్రి వీడు ఫోన్లో 'తిన్న్యావా, తిన్న్యావా' అని అడగతాంటాడు. ఆరేండ్లు. ఆడపిల్లని అట్ల అడిగేటోడైతే ఈపాటికి పెండ్లి సేసుకోనుండు. నాకు తెలీదనుకున్న్యాడా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ పిల్లోనికీ వచ్చిండాదా?"

"జ్వరమంట."

"వానికి గంజి ఎవురు పోస్తాండారు?"

ఒంటరిగా ఉంటాడని చెప్పాను. ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి పది రోజుల తర్వాత ఆ ఇంట్లో తాలింపు చిటపటలాడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు? మా అమ్మ ఇలాంటి ప్రశ్న ఏదీ అడగకుండానే పోయింది. అడగబోయినప్పుడల్లా నేనే మాట మార్చాను. మునిని చూసి నేను అసూయపడ్డ రోజంటూ ఉంటే అదే.

రెండు స్టీలు క్యారియర్లు నా చేతిలో పెట్టింది. రెంటిలోనూ గంజి, రసం అన్నం. "ఇది మునికి. ఇది ఆ పిల్లోనికి. గిన్నె మాత్రం వాన్నే తెచ్చియ్యమను, బాగైనాంక. నీ సేత పంపితే తీసుకోను."

ఐదింటికి మొదటిది వార్డులో ఇచ్చాను. ఆరింటికి హరి గది కనుక్కున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ బక్కపలచని మనిషి, దుప్పటి కప్పుకుని తలుపు సగం తీశాడు. క్యారియరు గడప మీద పెట్టి వెనక్కి జరిగాను. రేపు పొద్దున్నే ఆసుపత్రికి పొమ్మని, తలుపు దగ్గర మనిషిని పట్టించుకోకుండా డాక్టరమ్మనే అడగమని చెప్పాను.

"ఎవరు పంపినారు?"

"ముని వాళ్ళమ్మ."

"తెలీక పంపిందా?"

"తెలిసే పంపింది. గిన్నె నువ్వే తెచ్చియ్యాలంట."

వాడు క్యారియరు పక్కనే గడప మీద కూలబడ్డాడు. నేనింక అక్కడ నిలబడలేకపోయాను.

ఏడింటికి నాయుడుపేట బస్సు. నిలబడే ప్రయాణం. రేణిగుంట దాటాక సీటు దొరికింది. ఒళ్ళంతా నొప్పులు, మనసు మాత్రం తేలిగ్గా ఉంది. ఈ ఒక్క రోజులో నన్ను చిన్నబుచ్చినవాళ్ళు ఇద్దరు, నిలబెట్టినవాళ్ళు నలుగురు. ఇన్నేళ్ళుగా నేను మొదటివాళ్ళనే లెక్కపెట్టుకుంటూ బతికానేమో అనిపించింది. ఏర్పేడు దగ్గర ఫోను మోగింది. హరి, మునిని అడిగి నా నంబరు తీసుకున్నాడట.

"అన్నా, చంద్రగిరిలో వాళ్ళిల్లు యాడ?"

"కోట దాకా పోవద్దు. పాల డిపో దగ్గర దిగు. ఎడమ పక్క సందులో మూడో ఇల్లు. ముందర రెండావులు కట్టేసుంటాయి."

"ఎవురన్నా ఎవురు నువ్వు అని అడిగితే?"

"చెంగమ్మ గిన్నె ఇయ్యను వచ్చినానని చెప్పు. ఇంక ఎవరూ ఏమీ అడగరు."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత కాయితం కోసం వెతుకుతున్నట్టు, "ఒక నిమిషం ఉండన్నా, రాసుకుంటా" అన్నాడు. "ఎడమ పక్క సందా, కుడి పక్కా?"