నల్లరంగు కింద ఎర్తు

పరీక్ష పెట్టే అధికారి "హెడ్‌లైట్లు వెయ్యమ్మా" అన్నాడు. అమ్మాయి వేసింది. లైట్లు వెలిగాయి, ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసింది. "వైపర్లు కూడా వెయ్యి" అన్నాడు. వైపర్లు అద్దం మధ్యదాకా వచ్చి, ఎందుకొచ్చామో మరిచిపోయినట్టు అక్కడే నిలబడ్డాయి. ఇంజను రెండోసారి ఆగిపోయింది. అధికారి కాగితం మీద ఒక ముక్క రాసి, కలానికి మూత పెట్టుకుని, తలుపు తీసుకుని దిగి, ఆఫీసుదాకా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అమ్మాయి లైసెన్సు పరీక్ష తప్పడం ఇది రెండోసారి. ఇంటింటికీ కారులో తిరిగి రక్తపరీక్షలకు నమూనాలు తెచ్చే ఉద్యోగం వచ్చిందామెకు. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే ఉద్యోగం ఆమెది, లేకపోతే జాబితాలో తర్వాతివాళ్ళది. నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

కారు తండ్రిది. ఆ తండ్రి వేరే ఏ పని చేసేవాడైనా బాగుండేది. ఆయన కార్లకు కరెంటు పని చేస్తాడు, అదీ ముప్పై ఏళ్ళుగా. వీధి వీధంతా ఆయన్ని "ఎర్తు మాస్టారు" అంటుంది. ప్లగ్గులు మార్చి, పంపు మార్చి, చివరికి మెకానిక్కునే మార్చి విసిగిపోయినవాళ్ళు ఆయన దగ్గరికొస్తారు. ఆయన బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్తు తీగ పట్టుకుని ఊపుతాడు. ఒక బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగిస్తాడు. బండి బుద్ధిగా ఇంటికి పోతుంది.

"కరెంటు వెళ్ళే దారి అందరూ చూస్తారు సార్, తిరిగొచ్చే దారి ఎవడూ చూడడు. దానికి దారి లేకపోతే ఇంజనుకి ఊపిరాడదు" అంటాడు. ఈ ముక్క ఆయన పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాడని మాస్టారి భార్య అంటుంది.

ఆయనకు ఇంకో గుణం కూడా ఉంది. ఖాళీ దొరికితే రంగు వేస్తాడు. స్టూలుకి వేశాడు, పానాల బోర్డుకి వేశాడు, వాకిలి గొళ్ళేనికి వేసి మూడు రోజులు అందరినీ పెరటి దారిన నడిపించాడు. "ఆయన చేతిలో డబ్బా ఉన్నప్పుడు ఒక్కచోట కూర్చోకండి, మీకూ వేసేస్తారు" అని ఇంటికొచ్చినవాళ్ళకి భార్య ముందే చెబుతుంది.

"నాన్నా, లైట్లు వేస్తే ఇంజను చస్తోంది" అంది అమ్మాయి ఆ సాయంత్రం.

"లైట్లకీ దానికీ సంబంధం లేదు. నీకు క్లచ్చి మీద కాలు నిలవడం లేదు."

"రోజూ నువ్వు నడుపుతావు కదా, ఒక్కసారి లైట్లేసి నడుపు."

"పట్టపగలు లైట్లేంటే? నవ్వుతారు. సెల్ఫ్ చూడు, ఒక్క దెబ్బకి అందుకుంటోంది. ఎర్తు బాగా లేకపోతే అందుకుంటుందా? ముప్పై ఏళ్ళ సర్వీసు నాది!"

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?" అంది వంటింట్లోంచి భార్య. చెట్టు ఎవరో ఆమె చెప్పలేదు.

మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం, అంగట్లో ఎవరూ లేనప్పుడు, మాస్టారు కారు షెడ్డులోకి తెచ్చి, అటూ ఇటూ చూసి, దొంగలా లైట్ల మీట నొక్కాడు. ఇంజను వణికింది. వైపర్లు వేశాడు. ఆగిపోయింది. క్లచ్చి మీద కాలు ఆయనదే. ఇంకోసారి చేశాడు, ఇంకోసారి ఆగింది.

లైట్లు వెలుగుతుండగానే మీటరు తెచ్చి, ఒక మొన బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి బాడీకి ఆనించాడు. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు రెండు వోల్టుల మీద కూర్చుని ఆయన వంక చూసింది.

మాస్టారికి అంతా అర్థమైంది. సెల్ఫ్‌కి లావు తీగ నేరుగా ఇంజనుకే వెళ్తుంది కాబట్టి దానికి ఏ లోటూ లేదు. లైట్లూ, వైపర్లూ, పెట్రోలు పంపూ, ఇంజనుని నడిపించే కంప్యూటరూ మాత్రం బాడీలోంచే వెనక్కి రావాలి. వచ్చే చోట బోల్టు కింద, కరెంటుని పోనివ్వని నల్లరంగు నిగనిగలాడుతోంది. ఆర్నెల్ల కిందట, బానెట్టు లోపల చూడముచ్చటగా ఉండాలని, తీగ విప్పి, రెండు పూతలు వేసి, ఆరబెట్టి, మళ్ళీ బిగించింది ఆయనే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

మర్నాడు తెల్లవారగానే బకెట్టు పట్టుకుని బండి కడగడానికి బయల్దేరాడు. బకెట్టులో నీళ్ళు లేవు. ఎమరీ కాగితం ఉంది. బోల్టు విప్పి, రంగు కింద ఇనుము వెండిలా మెరిసేదాకా గీకి, బిగించి, లేచి తిరిగేసరికి గుమ్మంలో భార్య.

"కారు కడుగుతున్నారా?"

"ఊఁ."

"పొడిగానా?"

ఆయన బకెట్టు ఊపుకుంటూ లోపలికి పోయాడు.

నెలాఖరుకి మూడు రోజులుండగా అమ్మాయి మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. అదే అధికారి. ముందు జాగ్రత్తగా నడిచే బూట్లు వేసుకొచ్చాడు. లైట్లు వేయించాడు, వైపర్లు వేయించాడు, హారను కూడా కొట్టించాడు. ఇంజను కూనిరాగం ఆపలేదు. ఆయన కాస్త నిరాశగానే సంతకం పెట్టాడు.

"చూశావా? క్లచ్చి మీద కాలు నిలిస్తే అన్నీ నిలుస్తాయి" అన్నాడు మాస్టారు, కాగితం చూసి.

"అవును నాన్నా" అంది అమ్మాయి, తండ్రి గోళ్ళలో చిక్కుకున్న నల్లటి పొడి వంక చూస్తూ. ఒక్క మాట దెప్పినా బాగుండుననిపించింది మాస్టారికి. ఆ రోజు అన్నం సరిగ్గా సయించలేదు.

ఉద్యోగంలో చేరే రోజు ఉదయం కారు తీసుకెళ్దామని ఆమె అంగడికి వచ్చింది. అప్పుడే ఒకాయన బానెట్టు ఎత్తి పట్టుకుని మాస్టారి మీద ఎగురుతున్నాడు.

"ఏంటి మాస్టారూ ఇది? నిన్నగాక మొన్న రంగు వేయించాను! ఒక్క తీగ కోసం ఇంత మేర గీకి పారేశారు. అందమంతా పోయింది!"

మాస్టారు ఎమరీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూతురి వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అందం చూసుకునే సార్, మా అమ్మాయిని నేను రెండుసార్లు ఫెయిల్ చేశాను."